కోరమండల్ కాంభోజి

గ్రామఫోను ప్లేటు చేతికి రాగానే దొడ్డమునియప్ప చేసే మొదటి పని దాన్ని గోటితో కొట్టి చూడటం. నడుమ చిల్లులో వేలు దూర్చి, ప్లేటును గాలిలో వేలాడదీసి, అంచు మీద ఒక్కటంటే ఒక్కటి కొట్టేవాడు. ఖంగుమంటే ప్లేటు బాగున్నట్టు. డొల్లగా పలికితే ఎక్కడో కంటికి కనబడని బీట ఉన్నట్టు. ఇది గనిలో నేర్చిన అలవాటు. భూమి లోపల పనికి దిగే ముందు నెత్తి మీది రాతిని ఇనుప కడ్డీతో కొట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది, విడిన రాయి డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికినచోట నిలబడినవాడు ఇంటికి రాడు. బతుకంతా ఆ చెవి మీద ఆధారపడ్డ మనిషి ఆయన.

నేను బంగారుపేట బజారులో నగల అంగడి పెట్టుకున్నవాణ్ణి. పేరు శంకరనారాయణ. నోటిదురుసు ఎక్కువని మా వీధిలో పేరు పడ్డవాణ్ణి. సంగీతం విషయంలో అది ఇంకా ఎక్కువ. మునియప్ప నన్ను మొదటిసారి చూసి, "మేం తవ్వేది మీరు అమ్ముతా ఉండారు కదా శెట్రే, మన ఇద్దరికీ ఇంగ ఎప్పటినుంచో చుట్టరికం ఉండాది," అన్నాడు. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది గాని ఆ నవ్వు చూసి నేనూ నవ్వేశాను.

మా సంగీతం గుంపు చేరేది శ్రీకంఠయ్య బట్టలంగడి మిద్దె మీద. ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసి ఉంటుంది. పైన చీరల మూటలు గోడలకు పేర్చి ఉంటాయి గనక బజారు రొద లోపలికి రాదు. మధ్యలో ముక్కాలిపీట మీద శ్రీకంఠయ్య గ్రామఫోను. కొత్త కరెంటు పెట్టె కూడా ఒకటి ఉండేది గాని, పాత ప్లేట్లకు పాత పెట్టే న్యాయమని ఆయన పట్టుదల. మాకొక కట్టుబాటు ఉండేది. వంతు వచ్చినవాడు తనకు ప్రాణమైన ప్లేటు తేవాలి. అది ఎందుకు ప్రాణమో ముందు చెప్పాలి. ఆ తరువాతే ముల్లు పెట్టాలి. ముల్లు ఆడుతుండగా నోరు విప్పినవాడు పై వారం అందరికీ బోండాలు తేవాలి. ఆ రోజుల్లో నేను తెచ్చినన్ని బోండాలు బంగారుపేటలో ఇంకెవరూ కొని ఉండరు.

శ్రీకంఠయ్యకు ప్రాణం ఒక హరికథ ప్లేట్ల కట్ట. వాళ్ళ నాన్న పోయాక అమ్మ చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదట. ఒకరోజు ఆ కథలో దాసుగారు ఒక పిసినారి అత్తగారిని వెక్కిరించే చోట ఆమె ఫక్కున నవ్విందట. "మా అమ్మను నాకు మళ్ళీ ఇచ్చిన ప్లేటు," అని కళ్ళు తుడుచుకుని ముల్లు పెట్టేవాడు. పద్మనాభ రోజూ బెంగుళూరుకు రైల్లో పోయి వచ్చే ఉద్యోగస్థుడు. అతనిది వయొలిన్ లాంగ్‌ప్లే. రైలు చక్రాల మోత ఇల్లు చేరినా తల్లో ఆడుతూనే ఉంటుందని, ఆ వయొలిన్ ఒక్కటే దాన్ని కడిగి పారేస్తుందని చెప్పేవాడు. నాది పెళ్ళిపాటల ప్లేటు. అందులో పాడినామె గొంతు అచ్చం మా అవ్వ గొంతు. ఏ ప్లేటు గొప్పదని వాదులాడుకునే వాళ్ళం. అరుచుకునే వాళ్ళం. మళ్ళీ ఆదివారం రాగానే ఒకరికంటే ఒకరం ముందుగా మెట్లెక్కే వాళ్ళం.

మునియప్ప ఆ మెట్లెక్కింది వట్టి యాదృచ్ఛికంగా. ఆవని అనే ఊరి దగ్గర పల్లెలో రాగులు పండించే ఇంట్లో పుట్టి, వయసులో బంగారు గనికి పోయి, అక్కడే పనిచేసి రిటైరై, కోరమండల్‌లో గని కూలీలకు వరసగా కట్టిన లైను ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. పంచె కోసం వచ్చాడట. అంగడి మూసి ఉన్నా పైనుంచి నాగస్వరం వినబడితే ఉండలేక ఎక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, ప్లేటు అయిపోయేదాకా కదలకుండా విని, "నా దగ్గరా ఒకటి ఉండాది. తేవచ్చునా?" అని అడిగాడు.

పై ఆదివారం తెచ్చాడు. పాత చీర ముక్కలో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చాడు. అలవాటుగా గోటితో కొట్టాడు. ఖంగుమంది. ఎందుకు ప్రాణమో చెప్పమంటే, "ముందు వినండి. ఇది ఒకచోట దూకుతాది. దూకినప్పుడు ముల్లు ఎత్తొద్దండి," అని మాత్రం అన్నాడు. కట్టుబాటు తప్పినా మేమెవరం అడ్డు చెప్పలేదు.

నాగస్వరం. కాంభోజి రాగం ఆలాపన. విద్వాంసుడికి పెద్ద పేరేమీ లేదు. ఒకటి రెండు ప్లేట్లిచ్చి ఊరికి వెళ్ళిపోయిన వాళ్ళలో ఒకడు. కాని ఏం వాయించాడు! అడుగు నుంచి నింపాదిగా లేచాడు. తొందర లేదు. ఒక్కొక్క స్వరం మీద కూర్చుని, చుట్టూ చూసి, లేచి, మళ్ళీ పైకి. ఇంకా పైకి. ఇప్పుడు తాకుతాడు, ఇప్పుడు తారస్థాయిని తాకుతాడు అని మేమందరం ఊపిరి బిగబట్టామో లేదో, టక్. ముల్లు ఎగిరి పడింది. చూస్తే ఆయన అప్పటికే ఎక్కేసి దిగుతున్నాడు. శిఖరం మాకు దక్కలేదు.

నేను ఊరుకుంటానా? "ప్లేటు పాడైందయ్యా మునియప్పా! సరిగ్గా అక్కడే పోవాలా? ఆ ఘడియలో ఈయన ఏం చేశాడో ఆ దేవుడికే తెలియాలి," అన్నాను. బోండాల సంగతి గుర్తే లేదు.

మునియప్ప ప్లేటు ఆగేదాకా కాచుకుని, అప్పుడు అన్నాడు. "ఆ ఘడియలో నేను కింద ఉండాను శెట్రే."

తరువాత ఆయన చెప్పింది ఇది. గనులు సర్కారు చేతికి వచ్చిన తొలి రోజులు. బంగళాలు ఖాళీ చేసి వెళ్ళే దొరల సామాన్లలోంచి మునియప్ప ఒక గ్రామఫోను సంపాదించాడు. ఆ పెట్టెకు తగిన ప్లేటు కోసం వెతికి వెతికి రాబర్ట్‌సన్‌పేటలో ఈ కాంభోజి కొన్నాడు. ఇంటికి తెచ్చేసరికి షిఫ్టు వేళ అయింది. వినే తీరిక లేదు. పెళ్ళాం పిల్లమ్మతో, "నేను వచ్చే వేళకి పెట్టు. వీధి మొగదలకే వినబడాల," అని చెప్పి గనికి పోయాడు.

గని లోతున రాయి తన మీది భారం మోయలేక ఒక్కోసారి ఉన్నట్టుండి పేలుతుంది. అక్కడివాళ్ళు రాక్ బర్స్ట్ అంటారు. కింద పేలితే పైన ఇళ్ళలో గిన్నెలు రాలతాయి, గోడలు బీటలు వారతాయి. ఆ రోజు షిఫ్టు విడిచే వేళకు పిల్లమ్మ ప్లేటు పెట్టింది. గుమ్మంలోకి వచ్చి వీధి వంక చూస్తూ నిలబడింది. కాంభోజి పైకి లేస్తున్నది. అప్పుడు భూమి అదిరింది. పెట్టె ఎగిరిపడింది. ముల్లు ప్లేటును అడ్డంగా గీరేసింది. ఆమె చూడనే లేదు. లైనులో ఆడవాళ్ళంతా ఎట్లా ఉన్నవాళ్ళు అట్లా గనిలోకి దిగే షాఫ్టు వైపు పరుగెత్తారు. కొంగులు జారిపోతున్నా, పొయ్యి మీద సంకటి మాడిపోతున్నా ఎవరూ ఆగలేదు. పక్కింట్లో చూపులేని చిన్నవెంకటమ్మ ఒక్కతే మిగిలింది. అంత పెద్ద లైనులో మనిషి అలికిడి లేదని, పిల్లమ్మ ఇంట్లో నాగస్వరం మాత్రం తన మానాన తాను వాయించుకుంటూ పోయిందని, తరువాత ఆమె ఎన్నాళ్ళో చెప్పుకుందట.

"కింద నేను మమ్మల్ని పైకి తెచ్చే కేజి దగ్గరికి నడిచి వస్తా ఉండాను," అన్నాడు మునియప్ప. "నాతో ఆదినారాయణప్ప ఉన్నాడు. వాడికి చెప్తా ఉండాను, ఇంట్లో కొత్త ప్లేటు ఉండాది, రా, విని పోదువని. అంతే. దీపం ఆరిపాయె. వాడి చెయ్యి నా చేతిలో ఉన్నట్టే ఉండె, మళ్ళా లేదు."

మరునాడు మధ్యాహ్నానికి ఆయన్ను బయటికి తీశారు. ఆదినారాయణప్పను తీయలేకపోయారు. ఇంటికి వచ్చాక పిల్లమ్మ ఏడవలేదు. తిన్నగా పోయి పెట్టెకు కీ ఇచ్చి ప్లేటు పెట్టింది. కాంభోజి లేచింది. టక్‌మని దూకింది.

"భూమి కింద నన్నొక దెబ్బ కొట్టింది, పైన దాన్నొక దెబ్బ కొట్టింది. రెండూ ఒకే దెబ్బ శెట్రే. అది ఈ ప్లేటు మీద ఉండాది," అన్నాడు.

శ్రీకంఠయ్య అడగకుండానే మళ్ళీ కీ ఇచ్చాడు. రెండోసారి ఆ టక్ విన్నప్పుడు నా చూపు కాళ్ళ వైపు పోయింది. మా కాళ్ళ కింద అంగడి ఉంది, దాని కింద బజారు నేల, ఆ కింద ఎంత లోతో తెలియని రాయి. ఆ రాయి ఒక్కసారి కదిలిన కదలిక ఇదిగో, ఈ నల్లటి ప్లేటు మీద ఒక గీతగా నా ఎదుట తిరుగుతోంది. ఎన్నో ప్లేట్లు విన్నాను. గొప్ప గొప్ప వాళ్ళవి విన్నాను. భూమి పలికిన ప్లేటు మాత్రం అదొక్కటే విన్నాను. ఆ రోజు బోండాల మాట ఎవరూ ఎత్తలేదు.

అటు తరువాత మునియప్ప మాలో ఒకడయ్యాడు. అందరి ప్లేట్లూ కొట్టి చూసేవాడు, పెట్టె చెక్క మీద అరచెయ్యి ఆన్చి కళ్ళు మూసుకుని వినేవాడు. అట్లా చెయ్యి ఆన్చడం భక్తి అనుకున్నాం. అసలు సంగతి తరువాత తెలిసింది. గనిలో ఏళ్ళ తరబడి డ్రిల్లు మిషన్ల మోతలో పనిచేసిన చెవులు ఒక్కొక్క మెట్టే మూసుకుపోతున్నాయి. డాక్టరు చూసి, పోయేది నిలబెట్టలేమని, మిగిలింది కూడా ఎక్కువకాలం ఉండదని చెప్పేశాడు.

ఒక ఆదివారం ఆయనే నోరు విప్పాడు. "చెవులు పొయ్యేలోగా నాకు ఒక్క ఆశ ఉండాది. నేను చీకట్లో పడిన ఘడియలో పైన ఆయన ఏం వాయిస్తా ఉన్నాడో అది వినాల. నేనూ వినలేదు, పిల్లమ్మా వినలేదు. ఆ ప్లేటు దూకనిది ఇంగొకటి యాడన్నా దొరుకుతాదా?"

పద్మనాభ వెంటనే, "వెతుకుతాను," అన్నాడు. అతను ఏదైనా వెంటనే అనేస్తాడు. కాని ఈసారి నిజంగా వెతికాడు. బెంగుళూరులో పాత సామాన్ల బజార్లన్నీ కాలికి బలపం కట్టుకుని తిరిగాడు.

ఈ సంగతి పిల్లమ్మకు నచ్చలేదు. నేనూ శ్రీకంఠయ్యా ఒకసారి కోరమండల్‌కు పోయినప్పుడు ఆమె మమ్మల్ని గుమ్మంలోనే దులిపేసింది. ఎండకు ఎర్రబడ్డ ముఖం, చేతిలో చాట. ఏటా గని పేలిన ఆ రోజు రాగానే పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, ఆ ప్లేటు పెడుతుందట. దూకినచోట చేతులెత్తి మొక్కుతుందట.

"అది దూకినందుకే ఈయప్ప పైకి వచ్చినాడు," అంది. "దెబ్బ అది తినింది, భూమి ఈయప్పను వదిలిపెట్టింది. ఇంగ మీరు వచ్చి దూకనిది పెడ్తామంటా ఉండారే, వదిలిపెట్టింది మళ్ళా వచ్చి అడిగితే మీరు ఇస్తారా?"

నాకు చెప్పడానికి చాలా ఉంది. మూఢనమ్మకమని అనాలి, ప్లేటుకూ ప్రాణానికీ ముడిపెడతావా అని అనాలి. ఒక్కటీ అనలేకపోయాను. ఆ రోజు షాఫ్టు దగ్గర నిలబడింది నేను కాదు. లోపల మునియప్ప మా మాట సగం వినబడక, ఎవరు గెలుస్తున్నారో తెలియక, ఒకరి ముఖం తరువాత ఒకరి ముఖం చూస్తున్నాడు.

ఆ తరువాత చాలా నెలలకు పద్మనాభ రైలు దిగీ దిగగానే సంచీతో నా అంగడికి పరుగెత్తుకు వచ్చాడు. అదే కంపెనీ, అదే విద్వాంసుడు, అదే కాంభోజి. ఒక్క గీత లేదు. పెట్టి విందామా అని అతనికీ నాకూ చేతులు దురద పెట్టాయి. కాని మునియప్ప కంటే ముందు మేము వినడం న్యాయం కాదనిపించి, దాన్ని మళ్ళీ సంచీలో పెట్టేశాం. నా జన్మలో నేను చేసిన కఠిన ఉపవాసం అదే.

ఆదివారం మునియప్ప వచ్చాడు. వెనకాలే పిల్లమ్మ కూడా మెట్లెక్కి వచ్చింది. చీర ముక్కలో చుట్టిన పాత ప్లేటును ఒడిలో పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, మూటల పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. కాపలాకు వచ్చిందని నాకు అర్థమైంది.

పద్మనాభ కొత్త ప్లేటు మునియప్ప చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. గీత లేని నల్లటి మెరుపు. చిల్లులో వేలు దూర్చి వేలాడదీసి, అంచు మీద గోటితో కొట్టాడు. గది నిండా ఖంగుమంది. మూటల మధ్య కూడా అది ఎంత బాగా మోగిందో! మేమందరం ముఖాలు చూసుకుని నవ్వాం.

మునియప్ప నవ్వలేదు. మళ్ళీ కొట్టాడు. తల అడ్డంగా ఊపాడు.

"డొల్ల ఉండాది. బీట వారిందప్పా ఇది," అన్నాడు.

శ్రీకంఠయ్య కీ తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. బీట ప్లేటుకు లేదని ఆ గదిలో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. గనిలో ప్రాణం కాపాడిన చెవి అది. ఎవరైనా ఎట్లా చెప్తారు?

ఆయన మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. మెల్లగా అర్థమైనట్టుంది. ప్లేటును ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు.

పిల్లమ్మ లేచింది. పాత ప్లేటును శ్రీకంఠయ్య చేతికిచ్చి, మొగుడి ఒళ్ళోంచి కొత్తదాన్ని తీసుకుంది. అతను చేసినట్టే వేలు దూర్చి, వేలాడదీసి, ఒక దెబ్బ కొట్టింది. ఆ మోత పూర్తిగా అణిగేదాకా విన్నది.

"మోగుతా ఉండాది," అని అతని చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "నేను విన్నాను. గట్టిది. పెట్టండయ్యా, ఇంగ ఆలస్యం చెయ్యొద్దు. ఉన్నంతలో విననీ."

ఆమె భయం పోయిందని కాదు. అయినా ముల్లు తానే పెట్టింది.

కాంభోజి లేచింది. మునియప్ప రెండు అరచేతులూ చెక్క మీద ఆన్చి, తల గ్రామఫోను కొమ్ములోకి వంచి విన్నాడు. కింది స్వరాలు అందుతున్నాయి, ముఖంలో తెలుస్తూనే ఉంది. ఒక్కొక్క మెట్టే నాగస్వరం ఎక్కుతున్నది. ఎక్కేకొద్దీ ఆయన నుదురు ముడతలు పడుతోంది. సన్నని పై స్వరాలే ముందుగా చెవిని విడిచిపోతాయట. ఇన్నేళ్ళు కాచుకున్న చోటికి నాగస్వరం పోతున్నది, ఆయన చెవి కిందనే నిలిచిపోతున్నది. కంగారుగా తలెత్తి పిల్లమ్మ వంక చూశాడు.

ఆమె అతని ఎడమ చెయ్యి పట్టుకుంది. మణికట్టు మీద తన వేళ్ళు పెట్టింది. నాగస్వరం ఒక మెట్టు ఎక్కితే వేళ్ళు మోచేతి వైపు జరిగాయి. ఇంకొకటి ఎక్కితే ఇంకొంచెం. టక్ రావలసిన చోటు వచ్చింది. మేమందరం ఒళ్ళు బిగించుకున్నాం. టక్ రాలేదు. నాగస్వరం ఆగకుండా, దూకకుండా, మోచేయి దాటి భుజం దాకా పోయింది. అక్కడ తారస్థాయిలో నిలబడింది. నిలబడింది. ఊపిరి ఎక్కడిది ఆ మనిషికి? ఇన్నాళ్ళు గీత కింద పూడి ఉన్నది ఇదా? నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, నేను తుడుచుకోలేదు. పిల్లమ్మ వేళ్ళు మునియప్ప భుజం మీద బిగుసుకుని ఉన్నాయి. నాగస్వరం దిగడం మొదలుపెట్టాకే అవి వదులయ్యాయి.

"అంత ఎత్తుకా?" అన్నాడు మునియప్ప.

"ఊ. అంత ఎత్తుకే."

"నేను కింద ఉన్నప్పుడు?"

"నువ్వు కింద ఉన్నప్పుడే," అంది పిల్లమ్మ. అప్పుడు ఏడ్చింది. ఆ రోజు షాఫ్టు దగ్గర ఏడవని ఏడుపు ఇన్నేళ్ళకు మా బట్టల మూటల మధ్య ఏడ్చింది. మునియప్ప ఆమె తల నిమురుతూ, "ఆదినారాయణప్ప కూడా విని ఉండాల్సింది," అని ఊరికే అంటూ ఉండిపోయాడు.

ఏడాది తిరగకముందే ఆయనకు పూర్తిగా వినబడకుండా పోయింది. అయినా ఆదివారాలు మానలేదు. పెట్టె మీద చెయ్యి ఆన్చి కూర్చునేవాడు. ఏ ప్లేటు ఎట్లా ఉందో మా ముఖాలు చూసి తేల్చేవాడు. మేము వాదులాడుకుంటే నవ్వేవాడు.

ఆ ఏడు ఆ రోజుకు పిల్లమ్మ మమ్మల్ని కోరమండల్‌కు పిలిచింది. చిన్న గది. పెట్టెకు పసుపు కుంకుమ పెట్టింది, కర్పూరం వెలిగించింది. రెండు ప్లేట్లూ పక్కపక్కన ఉన్నాయి. ఏది పెడుతుందోనని చూశాను. గీత పడిన పాతదాన్నే పెట్టింది.

కాంభోజి లేచింది. ఆమె చేతులెత్తి మొక్కుతుందనుకున్నాను. మొక్కలేదు. వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. అతను కళ్ళు ముల్లు మీదే పెట్టి ఉన్నాడు. టక్‌మని ముల్లు దూకింది. మునియప్ప చెయ్యి చాపాడు. ప్లేటులో నాగస్వరం అప్పటికే దిగిపోతున్నది. పిల్లమ్మ వేళ్ళు మాత్రం అతని మణికట్టు నుంచి నింపాదిగా పైకి పోయి, భుజం మీద నిలబడ్డాయి.